కాల్పులు ఆగిన తర్వాత పిల్లల్లో మిగిలేది

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో న్యూటౌన్ అనే ఊరు ఉంది. 2024 జూన్‌లో అక్కడి హైస్కూల్లో చదువు ముగించి పట్టాలు అందుకున్న సుమారు 330 మందిలో అరవై మంది దాకా, 2012 డిసెంబర్ 14 ఉదయం శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి చదువుతున్నవారు. ఆ ఉదయం ఆ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పుల్లో చనిపోయారు. ఆ పిల్లల వయసు ఆరేళ్లో ఏడేళ్లో. బతికి ఉంటే వాళ్లూ ఆ జూన్‌లో అదే వరుసలో నిలబడి, పేరు పిలిచినప్పుడు వేదిక ఎక్కి ఉండేవారు. పట్టాల సభలో ఆ 20 పేర్లనూ చదివి కాసేపు మౌనం పాటించారు. విద్యార్థుల్లో చాలామంది ఆకుపచ్చ రిబ్బన్లు పెట్టుకున్నారు. అంతకు ముందు విలేకరులతో మాట్లాడిన కొందరు పిల్లలు, స్కూలు చదువు పూర్తయిందన్న సంతోషమూ, తమతో పాటు రావలసినవాళ్లు లేరన్న దుఃఖమూ ఒకేసారి కలుగుతున్నాయని చెప్పారు.

ఆ వార్త చదివినప్పుడు నా మనసు ఆ రోజు మీద కంటే, ఆ అరవై మంది గడిపిన మధ్య కాలం మీదే ఎక్కువగా నిలిచింది. ఒక బడిలో కాల్పులు జరిగినప్పుడు ఎంతమంది చనిపోయారు, ఎంతమంది గాయపడ్డారు అని రెండు అంకెలు వార్తల్లోకి వస్తాయి. పక్క గదిలో తలుపుకు గడియ పెట్టుకొని, దీపాలు ఆర్పి, శబ్దం చేయకుండా నేల మీద కూర్చున్న పిల్లలు ఆ రెండు అంకెల్లోనూ ఉండరు. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఏళ్ల తరబడి సేకరిస్తున్న లెక్క ప్రకారం, 1999లో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పులు మొదలుకొని అమెరికాలో బడి సమయంలో తమ పాఠశాలలో తుపాకీ కాల్పులు ఎదుర్కొన్న విద్యార్థులు 3 లక్షల 80 వేలకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికుల ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. నేను రాయదలచుకున్నది వారి గురించే.

చనిపోయినవారి లెక్క కూడా మనం అనుకున్నంత త్వరగా ముగియదు. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. ఆ రోజు తూటాలు తగిలి నడవలేని స్థితికి చేరిన ఒక విద్యార్థిని, పాతికేళ్లకు పైగా చక్రాల కుర్చీలో జీవించి, 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ మరణానికి కారణం ఆనాటి గాయాలేనని అధికారులు తేల్చడంతో మృతుల సంఖ్య 14కు చేరింది. శరీరానికి తగిలిన గాయమే ఇన్నేళ్లు పనిచేసినప్పుడు, మనసుకు తగిలినది వేసవి సెలవులు అయ్యేలోగా మానిపోవాలని పిల్లల నుంచి ఆశించడం న్యాయం కాదు.

కొలంబైన్‌లో ఆనాడు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఫ్రాంక్ డీఏంజెలిస్ 2014 వరకు అదే పదవిలో కొనసాగారు. ఘటన జరిగిన ఏడు ఆ ప్రాంతపు చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలు కూడా తన బడిలో చదువు పూర్తిచేసేదాకా వదిలి వెళ్లనని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఆయన ఇతర ఊళ్ల ప్రిన్సిపాళ్లకు చెప్పే అనుభవాలు వింటే, పెద్ద పెద్ద ఏర్పాట్ల కంటే చిన్న విషయాలే పిల్లలను ఎంత కుదిపేస్తాయో అర్థమవుతుంది. సెలవుల తర్వాత పిల్లలకు స్వాగతం చెప్పడానికి బెలూన్లతో తోరణం కట్టారు. కొన్ని బెలూన్లు పగిలేసరికి పిల్లలు ఒక్కసారిగా నేల మీదికి వంగిపోయారు. కాల్పుల సమయంలో గంటల కొద్దీ మోగిన ఫైర్ అలారం శబ్దాన్నే మార్చవలసి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో వండిన చైనీస్ వంటకాలను మళ్లీ వడ్డించకూడదని నిర్ణయించుకున్నారు, ఎందుకంటే ఆ వాసనే పిల్లలను తిరిగి ఆ మధ్యాహ్నంలోకి లాక్కుపోయేది.

ప్రాణభయం కలిగిన క్షణంలో మెదడు జరుగుతున్నదాన్ని వరుసగా, కథలాగా దాచుకోదు. అప్పుడు వినిపించిన శబ్దం, ముక్కుకు తగిలిన వాసన, కింద తగిలిన నేల చల్లదనం, కిటికీలోంచి పడిన వెలుతురు, ఇవన్నీ ప్రమాదానికి గుర్తులుగా ముద్రపడిపోతాయి. తర్వాత ఎప్పుడో, ఎక్కడో, ఏ ప్రమాదమూ లేని చోట ఆ గుర్తుల్లో ఒకటి ఎదురైతే చాలు, ఆలోచన అందుకునేలోపే శరీరం స్పందిస్తుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, కాళ్లు తలుపు వైపు తిరుగుతాయి. ‘ఇక్కడేం లేదు కదా, ఎందుకు భయం’ అని పక్కవాళ్లు అనే మాట ఆ పిల్లవాడికి తెలియనిది కాదు. తెలిసినా అతని శరీరం వినదు.

ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ విషయంలో ఇది మరింత క్రూరంగా కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరి 14న మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ హైస్కూల్లో 14 మంది విద్యార్థులు, ముగ్గురు సిబ్బంది చనిపోయారు. ఆ రోజు ఉదయమే ఒకసారి ఫైర్ డ్రిల్ జరిగింది. మధ్యాహ్నం కాల్పుల పొగకు అలారం మళ్లీ మోగింది. మంటలు వస్తే బయటికి రావాలని, కాల్పులు జరిగితే లోపలే ఉండాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పిల్లలకు, కాపాడవలసిన గంటే ఆ రోజు బయటికి పిలిచింది. ఆ తర్వాత ఏ బడిలో అలారం మోగినా, అది పరీక్షకే మోగినా, వాళ్లు ఎటు కదలాలి? ప్రేమికుల రోజున దుకాణాల్లో ఎర్ర గులాబీలు, హృదయం బొమ్మల చాక్లెట్ డబ్బాలు కనిపించడం మొదలైతే చాలు, వాళ్లకు ఆ వారం మళ్లీ వచ్చేస్తుంది. ఆ బడిలో పిల్లలకు తోడుగా ఉండడానికి శిక్షణ పొందిన కుక్కలను తీసుకొచ్చారు. మరుసటి ఏడు విద్యార్థులు తయారుచేసిన ఇయర్‌బుక్‌లో తమ ఫొటోలతో పాటు ఆ కుక్కల ఫొటోలను కూడా అచ్చువేశారు. మాట్లాడమని అడగకుండా పక్కన కూర్చున్న ప్రాణిని పిల్లలు తమవాళ్లలో ఒకరిగా లెక్కపెట్టుకున్నారు.

వయసును బట్టి బాధ రూపం మారుతుంది. ఐదారేళ్ల పిల్లలకు చెప్పడానికి మాటలు ఉండవు కాబట్టి, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు, అమ్మ బాత్రూంకు వెళ్లినా తలుపు దగ్గర నిలబడతారు, బొమ్మలతో అదే సంఘటనను పదే పదే ఆడుకుంటారు. పదేళ్ల పిల్లలు కడుపునొప్పి, తలనొప్పి అంటూ బడి ఎగ్గొట్టడానికి చూస్తారు. డాక్టరు పరీక్షిస్తే ఏమీ కనిపించదు, కానీ ఆ నొప్పి అబద్ధం కాదు. పదిహేనేళ్లవాళ్లు అసలేమీ పట్టనట్టు ఉంటారు, చిన్నమాటకు మండిపడతారు, నిద్ర మానేస్తారు, కొందరు మత్తుకు అలవాటు పడతారు. ఆ దశలో వాళ్లను మొండివాళ్లనో, సోమరులనో అనుకోవడం పెద్దలకు చాలా తేలిక.

టెక్సస్‌లోని యువాల్డీలో 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పోలీసులు వచ్చాక కూడా ఆ తరగతి గదిలోకి అడుగుపెట్టడానికి 77 నిమిషాలు పట్టింది. లోపల బతికి ఉన్న పిల్లలు ఆ గదిలోంచే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, పోలీసులను పంపమని గుసగుసగా అడిగారు. పక్కన పడి ఉన్న స్నేహితురాలి రక్తాన్ని తన ఒంటికి పూసుకొని, చనిపోయినట్టు నటించి బతికిన పదకొండేళ్ల అమ్మాయి, రెండు వారాల తర్వాత వీడియో ద్వారా అమెరికా ప్రతినిధుల సభ కమిటీకి సాక్ష్యం చెప్పింది. బడిలో క్షేమంగా ఉన్నట్టు అనిపిస్తుందా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఆ పిల్లలు కోల్పోయినవాటిలో నన్ను బాగా కలచివేసేది ఇదే: పిలిస్తే పెద్దవాళ్లు వస్తారన్న నమ్మకం. చిన్నతనంలో మనం నిశ్చింతగా నిద్రపోగలిగింది ఆ నమ్మకం మీదే.

బతికి బయటపడ్డవాళ్లలో చాలామందిని వెంటాడేది ‘నేనెందుకు మిగిలాను’ అన్న ప్రశ్న. ఆ రోజు సీటు మార్చుకున్నవాళ్లు, నీళ్లు తాగడానికి వెళ్లినవాళ్లు, తలుపు మూసేముందు ఇంకొకరిని లోపలికి లాగలేకపోయినవాళ్లు, తమ తప్పు ఏమీ లేకపోయినా దాన్ని తప్పుగానే మోస్తారు. 2019 మార్చిలో పార్క్‌లాండ్‌కు చెందిన ఇద్దరు యువ విద్యార్థులు కొన్ని రోజుల తేడాతో ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో ఒక అమ్మాయి, ప్రాణ స్నేహితురాలు పోయి తాను మిగలడాన్ని తట్టుకోలేకపోయిందని, కాలేజీలో తరగతి గదిలో కూర్చోవడానికే భయపడేదని ఆమె తల్లి చెప్పారు. అదే నెలలో న్యూటౌన్‌లో కూతురిని కోల్పోయిన ఒక తండ్రి కూడా ప్రాణం తీసుకున్నారు. ఆయన హింసకు మూలాలేమిటో పరిశోధించడానికి ఒక సంస్థనే స్థాపించిన శాస్త్రవేత్త. ఘటన జరిగి ఏడాదైందనో, ఆరేళ్లయిందనో ఎవరినీ గట్టెక్కినవారి లెక్కలో వేయకూడదని ఈ మరణాలు చెబుతున్నాయి. నాలాగా అమెరికాలో ఉండే తెలుగువారు ఎవరైనా ఇలాంటి ఆలోచనలతో సతమతమవుతుంటే, ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు.

కాల్పుల గదికి ఎంత దూరంలో ఉన్నారన్నదాన్ని బట్టి బాధ తగ్గుతుందని మనం అనుకుంటాం. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మంది హత్యకు గురయ్యారు. వారిలో మన దేశం నుంచి వెళ్లిన ఒక ప్రొఫెసరు, ఒక విద్యార్థిని కూడా ఉన్నారు. మూడు నాలుగు నెలల తర్వాత అక్కడి వేలాది విద్యార్థులను ప్రశ్నించి చేసిన అధ్యయనంలో, సుమారు 15 శాతం మందిలో తీవ్రమైన మానసిక ఆఘాత లక్షణాలు కనిపించాయి. ఆ భవనంలో ఉన్నవాళ్లు వేల మందిలో చాలా కొద్దిమందే. మిగిలినవారిని ఎక్కువగా దెబ్బతీసిన కారణాల్లో ముందు నిలిచింది, ఆ రోజు తమ స్నేహితులు క్షేమంగా ఉన్నారో లేదో తెలుసుకోలేకపోవడం. ఫోన్ మోగుతూ ఉంటుంది, అవతల ఎవరూ ఎత్తరు. ఆ కొన్ని గంటలు కూడా గాయమే.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాయా రోసిన్-స్లేటర్ బృందం 2008 నుంచి 2013 మధ్య జరిగిన 44 పాఠశాల కాల్పుల ఘటనలను పరిశీలించింది. ప్రాణనష్టం జరిగిన బడికి ఐదు మైళ్ల లోపు ప్రాంతంలో, ఇరవై ఏళ్ల లోపువారికి డాక్టర్లు రాసే డిప్రెషన్ మందుల వాడకం తర్వాతి రెండేళ్లలో 21 శాతం పెరిగింది. ఐదు మైళ్లంటే మా ఊరి లెక్కలో అరడజను స్కూళ్లు దాటుతాయి. సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ పెరుగుదల తక్కువగా ఉందని కూడా వారు గమనించారు. అదే పరిశోధకులు మరికొందరితో కలిసి టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల్లో 1995 నుంచి 2016 దాకా జరిగిన కాల్పులను అధ్యయనం చేశారు. ఆ బడుల్లో చదివిన పిల్లలు తర్వాత ఎక్కువగా బడి మానడం, ఒకే తరగతి మళ్లీ చదవడం, కాలేజీలో చేరకపోవడం, పాతికేళ్ల వయసులో ఇతరుల కంటే తక్కువ సంపాదించడం కనిపించింది. ఆ ఘటనల్లో చాలావాటిలో ఎవరూ చనిపోలేదు. అవి ఒక రోజు స్థానిక వార్తల్లో వచ్చి వెళ్లిపోయినవి.

ఒకే పిల్లవాడి జీవితంలో ఇది రెండుసార్లు జరిగే పరిస్థితి వచ్చింది. 2021 నవంబర్ 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. అక్కడి నుంచి బయటపడి, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చేరినవారు 2023 ఫిబ్రవరి 13 రాత్రి మళ్లీ అదే అనుభవంలో చిక్కుకున్నారు. ఆ రాత్రి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అక్కడే చదువుతున్న, న్యూటౌన్‌లో పెరిగిన ఒక యువతి ఒక వీడియోలో మాట్లాడింది. 2012లో తరగతి మూలలో చాలాసేపు ముడుచుకొని కూర్చోవడం వల్ల మొదలైన నడుం నొప్పి, ఒత్తిడి కలిగినప్పుడల్లా తిరగబెడుతుందని చెప్పింది. అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు.

నేను డాలస్ ఉత్తరాన ఉన్న శివార్లలో ఒకచోట ఉంటాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయని అందరికీ తెలిసిందే. స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనే అలవాటు మనది. 2023 మే 6న మాకు దగ్గర్లోని ఆలెన్‌లో ఒక షాపింగ్ మాల్ దగ్గర కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయినప్పుడు, వారిలో చిన్నపిల్లలూ, హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక యువ ఇంజనీరూ ఉన్నారు. అది బడి కాదు. అయినా సోమవారం ఉదయం పిల్లలను బడి దగ్గర దించడానికి వెళ్లిన తల్లిదండ్రులెవరూ వెంటనే కారు కదిలించలేదు. పిల్లలు లోపలికి వెళ్లి తలుపు మూసుకునేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాం.

కాల్పులు ఎన్నడూ జరగని బడుల్లో చదివే పిల్లల మీద కూడా దీని ప్రభావం ఉంది. అమెరికాలోని ప్రభుత్వ పాఠశాలల్లో దాదాపు 95 శాతం లాక్‌డౌన్ డ్రిల్స్ నిర్వహిస్తాయి. అంటే ఎవరైనా ఆయుధంతో బడిలోకి వస్తే ఏం చేయాలో పిల్లల చేత అభ్యాసం చేయిస్తారు. ‘లాక్స్, లైట్స్, అవుట్ ఆఫ్ సైట్’ అని మా అబ్బాయి కూడా ఎక్కాలు అప్పజెప్పినంత తేలికగా చెప్పేస్తాడు. తలుపుకు తాళం, దీపాలు ఆర్పడం, బయటివాళ్ల కంట పడకుండా మూలకు చేరడం. వాడు ఒకటో తరగతి.

మా అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు, వాడి పుట్టినరోజుకు బూట్లు కొనిపెడతానని దుకాణానికి తీసుకెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. అడుగు వేస్తే మడమల దగ్గర ఎర్రగా, నీలంగా లైట్లు వెలిగే బూట్లు ఆవిడకు బాగా నచ్చాయి. వాడు వాటిని చేతిలోకి తీసుకొని, ఒక బూటును నేలకు కొట్టి చూసి, మళ్లీ అరలో పెట్టేశాడు. ‘ఇవి వద్దు నానమ్మా, లాక్‌డౌన్‌లో వెలుగుతాయి’ అన్నాడు. ఆవిడకు కరోనా రోజులు గుర్తొచ్చాయి. ‘ఇప్పుడు లాక్‌డౌన్ ఎక్కడుంది నాన్నా, అది ఎప్పుడో పోయిందిగా’ అన్నారు. వాడు ఓపికగా చెప్పాడు: చీకట్లో కూర్చున్నప్పుడు కాలు కదిపితే లైటు వస్తుంది, అప్పుడు బ్యాడ్ గై చూస్తాడు, తన ఒక్కడి వల్ల అందరూ కనబడిపోతారు. ఆవిడ నా వైపు చూశారు. ‘ఏంటమ్మా వీడంటున్నది’ అని అడిగారు. దుకాణంలోనే, తక్కువ గొంతుతో, ఉన్నదంతా చెప్పాను. ఆవిడ వాడి తల నిమిరి, నల్లటి మామూలు బూట్లు కొన్నారు.

వాడు భయపడుతూ చెప్పలేదు. వర్షం వస్తే గొడుగు కావాలన్నంత మామూలుగా చెప్పాడు. తన బూటు వల్ల తోటి పిల్లలకు ప్రమాదం రాకూడదన్న బాధ్యతను ఆరేళ్లవాడు అంత సహజంగా భుజాన వేసుకున్నాడు. దీన్ని చూసి పిల్లలు ఎంత గట్టివాళ్లో అని కొందరు అంటారు. నాకు అలా అనిపించదు.

డ్రిల్స్ అసలు వద్దని నేను అనను. తలుపు గడియ పెట్టుకోవడం తెలిసిన తరగతుల్లో ప్రాణాలు నిలిచాయి. కానీ వాటిని జరిపే పద్ధతుల్లో చాలా తేడాలున్నాయి. ముందుగా చెప్పి, టీచరు నెమ్మదిగా వివరించి, అయ్యాక పిల్లల ప్రశ్నలకు జవాబులిచ్చి ముగించేది ఒక పద్ధతి. చెప్పాపెట్టకుండా మొదలుపెట్టి, నిజమో కాదో తెలియనివ్వకుండా, కొన్నిచోట్ల నకిలీ తుపాకీ శబ్దాలతో సహా జరిపింది ఇంకొకటి. ఈ రెండో పద్ధతి వద్దని స్కూలు సైకాలజిస్టుల జాతీయ సంఘం స్పష్టంగా చెబుతూ వస్తోంది. జార్జియా టెక్ పరిశోధకులు 114 బడుల చుట్టూ ఉన్నవారి సోషల్ మీడియా రాతలను డ్రిల్‌కు ముందు, తర్వాత మూడు నెలల చొప్పున పోల్చి చూస్తే, ఆందోళన, ఒత్తిడి 42 శాతం, డిప్రెషన్ ఛాయలు 39 శాతం పెరిగాయి. పార్క్‌లాండ్ జరిగిన ఏడాది ప్యూ సంస్థ చేసిన సర్వేలో 57 శాతం మంది టీనేజీ పిల్లలు తమ బడిలోనూ ఇలా జరుగుతుందేమోనని భయంగా ఉందన్నారు. సంఖ్యాపరంగా చూస్తే ఒక పిల్లవాడు బడిలో కాల్పులకు బలయ్యే అవకాశం చాలా చాలా తక్కువ. తుపాకులకు చనిపోయే పిల్లల్లో అత్యధికులు బడి బయటే, ఇళ్లలో, వీధుల్లో చనిపోతున్నారు. ఈ మాట పిల్లలకు చెప్పవలసిందే. కాకపోతే ఆ మాట ఒక్కదానితో భయం పోదు, ఎందుకంటే అప్పుడప్పుడూ చీకటి మూలలో కూర్చోబెట్టి మనమే వాళ్లకు వేరే సంగతి నేర్పుతున్నాం.

ఇక మన ఇళ్ల సంగతి. మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంలో పదహారేళ్ల అమ్మాయి ఉంది. ఆమె చదివే బడిలో ఎవరో సాయుధుడు ఉన్నాడని పోలీసులకు ఒక దొంగ ఫోన్ వెళ్లింది. ఇలాంటి ఆకతాయి కాల్స్ 2022 నుంచి చాలా రాష్ట్రాల్లో బడులను పీడిస్తున్నాయి. నిజమేననుకొని పోలీసులు తుపాకులతో వచ్చారు. ఆ అమ్మాయి కెమిస్ట్రీ గదిలో బల్ల కింద కూర్చొని తల్లిదండ్రులకు మెసేజ్ పెట్టింది: ‘అమ్మా, నాన్నా, ఐ లవ్ యు. ఫోన్ చేయకండి, సౌండ్ వస్తుంది.’ తల్లి ఆఫీసు మీటింగులో ఉంది. ఆమె ఆ మెసేజ్ చూసేసరికే అంతా అబద్ధమని తేలిపోయింది. సాయంత్రం ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ‘ఏం జరగలేదు కదా, దేవుడి దయ’ అని కొబ్బరికాయ కొట్టారు. మరుసటి రోజు ఆ పిల్లకు ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్షకు కోచింగ్ క్లాసు ఉంది. పంపించారు.

ఆ తర్వాత కొన్ని వారాలకు, ఆ అమ్మాయి బడిలో బాత్రూంకు వెళ్లడం మానేసిందని తల్లికి తెలిసింది. కారిడార్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు తాళాలు పడిపోతే తనను ఎవరూ లోపలికి రానివ్వరని భయం. అందుకని పొద్దున నీళ్లు తాగడమే మానేసింది. మార్కులు తగ్గాయి. తండ్రి దానికి ఫోన్ కారణమన్నాడు. ‘నాన్నా, ఆ రోజు నేను నిజంగానే చచ్చిపోతాననుకున్నాను. మీకు అది అబద్ధం. నాకు ఆ నలభై నిమిషాలూ నిజం’ అని ఆ అమ్మాయి చెప్పినప్పుడు గానీ ఆయనకు విషయం అందలేదు. ఈ సంగతి వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. తమలాంటి ఇంకో ఇంట్లో పనికొస్తుందని తల్లే రాయమంది.

ఆ తల్లిదండ్రులు ప్రేమ లేనివాళ్లు కారు. మన పెంపకంలో చెడు మాట పైకి అంటే చెడు జరుగుతుందన్న భయం ఉంది. ‘అలాంటి మాటలు మాట్లాడకు, శుభమా అని’ అంటూ నోరు మూయించడం కీడు రాకుండా కాపాడడం అనుకుంటాం. బడిలో మనకు తెలిసిన భయాలు మాస్టారి బెత్తమూ, లెక్కల పరీక్షా. పిల్లల భయానికి మన అనుభవంలో పోలిక దొరకదు కాబట్టి, దాన్ని మనకు తెలిసిన చిన్న భయాల్లో కలిపేసి ‘ధైర్యంగా ఉండు’ అంటాం. కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే పిల్లకు ఏదో ఉందని ఊళ్లో తెలుస్తుందన్న సంకోచం, రికార్డుల్లో రాస్తే కాలేజీ అడ్మిషన్లకు అడ్డొస్తుందన్న అపోహ వేరే ఉన్నాయి. వీసా మీద ఉన్నవాళ్లు ఎక్కడా తమ పేరు పడకుండా చూసుకోవాలనుకుంటారు. నాకు ఇవన్నీ అర్థమవుతాయి. అర్థమైనా, వీటి భారం మోసేది పదహారేళ్ల పిల్ల అయినప్పుడు సమర్థించలేను.

పిల్లలు అడిగేది చాలా కొంచెం. ‘ఏం జరిగింది చెప్పు’ అని అడిగి, చెప్పినంత సేపూ మధ్యలో సలహా ఇవ్వకుండా వినడం. ఒకే విషయం పదోసారి చెప్పినా వినడం. ఇలాంటి వార్త వచ్చిన రోజు ఇంట్లో టీవీ గంటల తరబడి మోగకుండా చూడడం, చిన్నవాళ్ల ముందు వీడియోలు తిప్పకపోవడం. ‘నిన్నెవరూ ఏమీ చేయలేరు’ అని మన చేతిలో లేని హామీ ఇచ్చే బదులు, మీ టీచర్లు, మేము నిన్ను కాపాడడానికి ఏమేం చేస్తున్నామో చెప్పడం. అన్నం వేళకు, నిద్ర వేళకు ఇంటి క్రమం చెడకుండా ఉంచడం. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, బడి తప్పించుకోవడం నెల దాటినా తగ్గకపోతే, జ్వరానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. ఆఘాతానికి గురైన పిల్లలకు పనిచేసే చికిత్సలు ఉన్నాయి, తల్లిదండ్రులు కూడా కూర్చుని పాల్గొనే పద్ధతులూ ఉన్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్తోంది, నీళ్ల సీసా మళ్లీ బడికి తీసుకెళ్తోంది.

బడుల్లో ఈ సహాయం దొరకడం మాత్రం కష్టంగానే ఉంది. ప్రతి 500 మంది విద్యార్థులకు ఒక స్కూలు సైకాలజిస్టు ఉండాలని వారి సంఘం సిఫారసు చేస్తుంది. దేశవ్యాప్త సగటు చూస్తే ఒక్కొక్కరు వెయ్యి మందికి పైగా పిల్లలను చూసుకుంటున్నారు. యువాల్డీ తర్వాత, 2022 జూన్‌లో రెండు పార్టీల మద్దతుతో వచ్చిన చట్టం బడుల్లో మానసిక ఆరోగ్య సిబ్బందిని పెంచడానికి వంద కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ నిధులతో నడుస్తున్న గ్రాంట్లను కొనసాగించబోమని 2025 ఏప్రిల్‌లో విద్యాశాఖ ప్రకటించింది. టెక్సస్‌లో 2023 నాటి చట్టం ప్రతి బడికీ ఒక సాయుధ భద్రతా అధికారి ఉండాలంటుంది. మా అబ్బాయి బడి గుమ్మం దగ్గర ఆ అధికారి రోజూ కనిపిస్తారు, పిల్లలకు చేయి ఊపుతారు, మంచి మనిషి. సైకాలజిస్టు మాత్రం మూడు బడుల మధ్య తిరుగుతూ ఉంటారు.

మా స్కూల్లో డ్రిల్ జరిగిన రోజు సాయంత్రం, ‘ఈ రోజు డ్రిల్ జరిగింది’ అని తల్లిదండ్రులకు ఈమెయిల్ వస్తుంది. అప్పటికి పిల్లవాడు ఇంటికి వచ్చి, అన్నం తిని, మనం అడగలేదు కాబట్టి తానూ చెప్పక, పడుకుని ఉంటాడు. మా వీధిలోని కొందరు తెలుగు తల్లులం, మెక్సికన్, వియత్నమీస్ కుటుంబాల తల్లిదండ్రులతో కలిసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాం. డ్రిల్ ఉన్న రోజు ఉదయమే మాకు తెలియజేయాలని, నకిలీ శబ్దాలు ఎప్పుడూ వాడకూడదని, అయిన తర్వాత ప్రతి తరగతిలో పది నిమిషాలు పిల్లలతో మాట్లాడాలని, ఆ వారంలో సైకాలజిస్టు మా బడిలోనే ఉండాలని అడిగాం. మొదటి మూడింటికీ ఒప్పుకున్నారు. నాలుగోది ఈ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డు చేతిలో ఉందన్నారు. బోర్డు సమావేశంలో ఎవరైనా పేరు ఇచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఇంగ్లీషు సరిగా రాదని వెనకాడేవాళ్ల కోసం మేం చెప్పవలసినది ముందే కాగితం మీద రాసి ఇస్తున్నాం. ఈ ప్రాంతంలో ఉండి చదువుతున్నవారు ఎవరికైనా ఆ కాగితం కావాలంటే నాకు రాయండి, మీ బడి పేరు మార్చుకొని వాడుకోవచ్చు.